పాత సైటును దివ్యాంగులకు అనుకూలంగా కొద్దికొద్దిగా మార్చాలంటే ఏది ముందు?

ఓరుగల్లు_రేట్లు:
ఏనుమాముల మార్కెట్ ధరలు రోజూ పెట్టే చిన్న ప్రైవేటు సైటు మాది. తేజ, చపాట మిర్చి, పత్తి, మక్కలు, పసుపు. టెంప్లేటు పదేండ్ల కిందటిది. ధరల పట్టికను ఫోటోగా పెడుతున్నం, అదే ఫోటో వాట్సాప్ గ్రూపులకు కూడ పోతది. పాత బులెటిన్ల పీడీఎఫ్‌లు వందల్ల ఉన్నయి. కొన్ని అను ఫాంట్ల టైపు చేసినవి, కొన్ని స్కాన్లు. రైతుల రిజిస్ట్రేషన్‌కు ఓటీపీ ఫారం ఒకటుంది.

చూపు లేని వ్యాపారి ఒకాయన టాక్‌బ్యాక్‌ల (ఫోన్ తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) ధరలు వినపడుతలేవని చెప్పిండు. సైటంత కొత్తగ కట్టే పైసలు లేవు, వారానికి ఐదారు గంటలు పెట్టగలం. పేజీ పక్కన మనిషి బొమ్మతోని వచ్చే, దివ్యాంగులకు సైటును అనుకూలం చేస్తదనే విడ్జెట్ వేస్తే సరిపోతదని ఒకరంటున్నరు. నిజమేనా? కాకపోతే ఎక్కడ షురూ చేయాలె?

కాజీపేట_ఫ్రంటెండ్:
విడ్జెట్ వద్దన్నా. ఫోటోలో ఉన్న తేజ ధర దానికీ తెలియదు. చూపు లేనివాళ్ల ఫోన్లో స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది, ఇది దాని కీలకు అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. ఆ డబ్బు దాచుకోండి.

మీ దగ్గరికి జనం వచ్చేది ధర కోసం. కాబట్టి మొదటి వారం ధరల పట్టిక ఒక్కటే పట్టుకోండి. ఫోటో వాట్సాప్‌కు పోనీయండి, పేజీలో మాత్రం నిజమైన హెచ్‌టీఎంఎల్ టేబుల్ ఉండాలి. పైన క్యాప్షన్‌లో తేదీ, "క్వింటాలుకు రూపాయల్లో" అన్న మాట రాయండి. పై వరుసలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర) ధరల పేర్లు, ఎడమ నిలువు వరుసలో సరుకు పేరు. రెండూ టీహెచ్ (శీర్షిక గడి) ట్యాగులో, ఆ శీర్షిక అడ్డం వరుసదో నిలువు వరుసదో చెప్పే స్కోప్‌తో సహా పెట్టాలి. అట్లా పెడితే ఎన్‌వీడీఏలో (కంప్యూటర్‌లో వాడే స్క్రీన్ రీడర్) కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం కీలు నొక్కినప్పుడు పక్కకు పోతే "గరిష్ఠ" అని, కిందికి పోతే "తేజ" అని చెప్పి ఆ తర్వాత అంకె చదువుతుంది. మామూలు గడులైన టీడీలే ఉంటే ఉత్త అంకె వినిపిస్తుంది, అది దేని ధరో తెలియదు.

గడులను కలపకండి. సరుకు రాని రోజు గీత పెట్టకుండా "రాలేదు" అని రాయండి. ధర పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు అని రంగు ఒక్కటే పెడితే రంగుల తేడా తెలియనివాళ్లకు ఏమీ అర్థం కాదు, పక్కన "200 పెరిగింది" అని మాట ఉండాలి.

అదే రోజు ఇంకో పని. పేజీ మొదటి ట్యాగులో భాషను చెప్పే లాంగ్ విలువ "ఈఎన్" (ఇంగ్లిషు) అని ఉందేమో చూడండి, పాత టెంప్లేట్లలో చాలావరకు అదే ఉంటుంది. "టీఈ" (తెలుగు) అని మార్చాలి. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్ని బట్టే తేల్చుకుంటుంది. ఇంగ్లిషు గొంతుకు తెలుగు పేజీ ఇస్తే అక్షరాలను వదిలేస్తుంది, లేదంటే ఒక్కొక్కటిగా పలుకుతుంది.

మానేరు_యూఐ:
తర్వాత హెడర్, ఫుటర్, స్టైల్‌షీటు (రంగులు, అక్షరాల సైజు చెప్పే ఫైలు) పట్టండి. ఒక్క ఫైలు మారిస్తే అన్ని పేజీలు మారతాయి, మీకున్న ఐదారు గంటలకు అదే లాభం.

స్టైల్‌షీటులో "ఔట్‌లైన్ నన్" అని ఎక్కడున్నా తీసేయండి. అది ఉంటే మౌస్ పట్టలేక ట్యాబ్ కీతో తిరిగేవాళ్లకు ఎక్కడున్నారో కనపడదు. ఫోన్ తెరకు పేజీ ఎట్లా సరిపోవాలో చెప్పే వ్యూపోర్ట్‌ ట్యాగులో జూమ్‌ను ఆపే మాట ఉంటే అదీ తీసేయాలి. అక్షరానికీ వెనుక రంగుకూ తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1 చాలు. తెల్లటి పేజీ మీద #999999 బూడిద రంగుకు 2.85 మాత్రమే వస్తుంది. #777777 కూడా 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. ఎండలో నిలబడి ఫోన్ చూసే రైతు కోసం #595959 పెట్టండి, 7 వస్తుంది.

తెలుగుకు లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడిదీర్ఘాలకు తగులుతాయి. 1.6 కన్నా తగ్గించకండి. బటన్లకు ఎత్తు పిక్సెల్స్‌లో బిగిస్తే జూమ్ చేసినప్పుడు వత్తులు తెగిపోతాయి.

ఫారంలో గడి లోపలి బూడిద రంగు మాట లేబుల్ కాదు, టైపు చేయగానే పోతుంది. గడిపైన లేబుల్ రాసి, లేబుల్‌లోని ఫర్ విలువ, గడి ఐడీ ఒకటే ఉండేలా కలపాలి. ఓటీపీకి ఆరు గడులు కాకుండా ఒక్కటే పెట్టండి, పేస్ట్ ఆపకండి. తప్పు పడితే గడి ఎర్రబడటం చాలదు, "ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి" అని పక్కనే చెప్పాలి. ఓటీపీ గడువు దాటినా అప్పటిదాకా నింపినవి చెరిగిపోకూడదు.

డీటీపీ_హన్మకొండ:
అను ఫాంట్ల పీడీఎఫ్ సంగతి వేరు. కంటికి తెలుగే కానీ లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లు, పైన తెలుగు ఆకారం తొడిగారంతే. అందుకే స్క్రీన్ రీడర్ అర్థంలేని ముక్కలు చదువుతుంది, గూగుల్‌లో వెతికినా దొరకదు. అసలు ఫైలు ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి వత్తులు, అంకెలు కళ్లతో సరిచూడాలి. స్కాన్లకు టెస్సరాక్ట్‌లో (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) తెలుగు ఉంది, కానీ మసక కాగితం మీద 3ను 8గా చదివే అవకాశముంది. ధరల్లో అది పెద్ద తప్పు, ప్రతి అంకె చూడాల్సిందే.

అన్నీ మార్చాలని కూర్చోకండి. సర్వర్ లాగ్‌లో ఎక్కువ తెరిచేవి ముందు చూసుకోండి, మిగతా వాటి పేజీలో "ఏ బులెటిన్ కావాలో చెప్తే రెండు రోజుల్లో చదవగలిగే రూపంలో ఇస్తాం" అని రాసి ఫోన్ నంబరు పెట్టండి. ఇవాళ్టి నుంచి పెట్టే బులెటిన్ మాత్రం నేరుగా వెబ్ పేజీగానే పెట్టాలి, పాత కుప్ప ఇంకా పెరగొద్దు. పీడీఎఫ్ తప్పదనుకుంటే వర్డ్‌లో హెడింగ్ స్టైల్స్ వాడి "సేవ్ యాజ్"తో తీయండి. "ప్రింట్"తో తీస్తే ట్యాగులన్నీ పోతాయి.

ఓరుగల్లు_రేట్లు:
మస్తు థ్యాంక్స్. మావోడు ప్రతి డివ్‌కు (పేజీలోని డబ్బా) అరియా లేబుల్ (స్క్రీన్ రీడర్‌కు మాత్రమే వినిపించే పేరు) తగిలిస్త అంటుండు. చేయమనాల్నా? చేసినంక సరిగ్గ అయ్యిందో లేదో ఎట్ల తెలుస్తది?

కాజీపేట_ఫ్రంటెండ్:
వద్దని చెప్పండి. క్లిక్ పెట్టిన డివ్‌ను బటన్‌గా మారిస్తే ట్యాబ్, ఎంటర్, స్పేస్ ఊరికే పనిచేస్తాయి. తప్పుగా పెట్టిన అరియా అసలు లేనిదానికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

పరీక్షకు మౌస్ పక్కన పెట్టి ట్యాబ్‌తో రిజిస్ట్రేషన్ పూర్తి చేసి చూడండి. ఆ తర్వాత ఎన్‌వీడీఏ, అది ఉచితమే, హెచ్ నొక్కితే హెడింగులు, టీ నొక్కితే పట్టికలు దొరకాలి. తప్పులు తామే వెతికే యాక్స్, లైట్‌హౌస్ పరికరాలు కూడా నడపండి, కానీ నూటికి నూరు వచ్చిందని ఆగొద్దు. ఫోటోకు ఆల్ట్ (ఫోటోకు బదులు చదివే మాట) ఉందా అన్నదే అవి చూస్తాయి, అందులో రాసింది సరైనదా అన్నది వాటికి తెలియదు.

గురి డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు దివ్యాంగులకు అందేలా చేసే అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఏఏ స్థాయి మీద పెట్టుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సేవలందించే ప్రైవేటు వాళ్లకూ వర్తిస్తుంది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక ఆ వ్యాపారిని పిలిచి, ఆయన సమయానికి డబ్బిచ్చి, ఆయన ఫోన్లోనే "ఈరోజు చపాట గరిష్ఠ ధర ఎంత?" అని వెతకమనండి. మధ్యలో మీరు నోరు విప్పకండి. ఎక్కడ ఆగిపోతే వచ్చే వారం పని అక్కడ.