చంద్రముఖి 2 ఎందుకు భయపెట్టలేదు?

కావలి కుర్రోడు: ఏందబ్బా, 2005 చంద్రముఖి సినిమాకీ 2023లో వచ్చిన రెండోదానికీ డైరెక్టర్ పి. వాసే గదా! మొదటిది ఇప్పుడు చూసినా జడుపే, రెండోది ఎందుకు తేలిపోయింది?

ఒంగోలు రీలు: మొదటిదాంట్లో దెయ్యమే లేదన్నా, జ్యోతిక చేసిన గంగది మనసు జబ్బు. చాలాసేపు అనుమానం నయనతార చేసిన దుర్గ మీదికి తిప్పి, అప్పుడు గంగ చేత మంచం లేపించారు. రెండోదాంట్లో ఆత్మ నిజమేనని తేల్చేశారు. ఇంక ఊహించేదేముంది?

సూళ్లూరుపేట సౌండు: చీకట్లో గజ్జెలు వినబడి మనిషి కనబడకపోతే చెవి వెతుకుద్ది. మూడు నాలుగు సెకన్లు నిశ్శబ్దం ఉంచి, అప్పుడు కొట్టాలి. ముందే డప్పులు మోగిస్తే ఉలికిపాటు చచ్చుద్ది.

కావలి కుర్రోడు: మరి ఫ్లాష్‌బ్యాక్‌లో చంద్రముఖిని చంపిన రాజు కథ?

ఒంగోలు రీలు: అప్పుడు కాసేపే, గుచ్చుకుంది. ఇప్పుడు సాగదీశారు. రెండోదాంట్లో హీరో లారెన్సు తప్పు కాదులే.