వడదెబ్బ తర్వాత సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 48,000, మూత్రం తగ్గిపోతోంది: సెలైన్ ఎక్కడ ఆపాలి?

కిడ్నీ, ఐసీయూ డాక్టర్లు చెప్పగలరా? హైదరాబాద్ మే ఎండలో శ్లాబ్ పని చేస్తూ పడిపోయిన కూలీ, 40 దాటిన మనిషి. వచ్చేసరికి మలద్వారంలో టెంపరేచర్ 41.6 డిగ్రీలు, స్పృహ సరిగా లేదు. ఐసు, తడిగుడ్డలు, ఫ్యాన్లతో 39 కిందికి దించాం. (పారాసిటమాల్ ఇవ్వలేదు. ఈ వేడికి అది పనిచేయదు, పైగా లివర్‌కు భారం.)

రెండో రోజుకి మూత్రం డికాషన్ రంగు. స్ట్రిప్‌లో రక్తం 3 ప్లస్, మైక్రోస్కోపులో ఎర్రకణాలు లేవు, అంటే మయోగ్లోబిన్ (దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే ప్రొటీన్). సీకే ఇంకా పెరుగుతోంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) 3.1, పొటాషియం 5.9, కాల్షియం 7.2. గంటకు 200 మి.లీ. మూత్రం రావాలని సెలైన్ నడిపాం. ఇప్పుడు 30 కూడా దాటట్లేదు, ఊపిరితిత్తుల అడుగున క్రెప్స్ (నీరు చేరితే వచ్చే చిటపట చప్పుడు) వినిపిస్తున్నాయి.

సెలైన్ కట్టేసి డయాలసిస్‌కు వెళ్లడమే సబబనిపిస్తోంది. మీరైతే పొటాషియం 6.5 దాటేదాకా ఆగుతారా? లీటర్లకొద్దీ నార్మల్ సెలైన్‌తో క్లోరైడ్ పెరిగి ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) ముదురుతుంది కదా, మొదటినుంచే రింగర్ లాక్టేట్ వాడేవాళ్లున్నారా? సోడాబైకార్బ్ జోలికి పోలేదు, కాల్షియం ఇంకా పడిపోతుందని. ఈసీజీ మారితేనో, ఫిట్స్ వస్తేనో తప్ప కాల్షియం ఇవ్వదలచుకోలేదు. కండరాల్లో పేరుకున్న కాల్షియం కోలుకునేటప్పుడు రక్తంలోకి తిరిగొస్తుంది.

ప్లేట్‌లెట్లు 70,000, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే కొలత) 1.9. రక్తస్రావం భయంతో డయాలసిస్ హెపారిన్ (గడ్డకట్టకుండా చేసే మందు) లేకుండానే నడపాలి. ఫిల్టర్ గడ్డకట్టకుండా ఎన్ని నిమిషాలకోసారి, ఎంత సెలైన్‌తో ఫ్లష్ చేస్తున్నారు? ఆ సెలైన్‌ను డయాలసిస్‌లో తీసే నీటి లెక్కలో కలుపుతున్నారా?