‘క్వైదాన్’ ఆడుతుంటే హాల్లో నవ్వులు: మీరేమంటారు?

మల్లెతీగ:
శనివారం రాత్రి ఇక్కడ చికాగోలో, పాత సినిమాలు వేసే ఒక థియేటర్‌లో జపాన్ దర్శకుడు మసాకి కొబయాషి తీసిన ‘క్వైదాన్’ చూశాను. 1965లో కాన్స్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చిన సినిమా. నాలుగు దెయ్యం కథలు, 183 నిమిషాలు. లాప్‌టాప్‌లో రెండుసార్లు చూశాను గానీ పెద్ద తెర మీద ఇదే మొదలు.

మొదటి కథలో, పేదరికం భరించలేక పెళ్ళాన్ని వదిలేసి పోయిన సమురాయ్ ఏళ్ళ తర్వాత తిరిగొస్తాడు. తెల్లారి చూస్తే పక్కలో ఉన్నది ఎముకలగూడు, నల్లటి జుట్టు. పాడుబడ్డ ఇంట్లో పడుతూ లేస్తూ పారిపోతుంటే కాలు పుచ్చిన చెక్కలో దిగబడుతుంది. చప్పుడు ఉండదు. చెక్క చీలిన శబ్దం ఇంకెప్పుడో వస్తుంది. సంగీతం చేసిన తోరు తకెమిత్సు కావాలనే అలా పెట్టాడు. సరిగ్గా అక్కడే నా వెనక వరసలో ఒక గుంపు పగలబడి నవ్వింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పాత సినిమా కదా అని ఇలా నవ్వడం సబబేనా?

రెండో ఆట:
తప్పేముందండీ? భయమేసినా నవ్వొస్తుంది. మా నెల్లూరులో దెయ్యం సినిమాకెళ్తే సగం హాలు అరుస్తుంది, సగం నవ్వుతుంది. పక్కవాడు కెవ్వుమంటేనే నాకు ఇంకా భయం వేసేది. జపాన్‌దే, 1977లో వచ్చిన ‘హౌస్’ చూడండి. పియానో ఒక అమ్మాయిని నమిలి మింగేస్తుంది. నవ్వకుండా ఎలా ఉంటారు?

మల్లెతీగ:
‘హౌస్’లో ఆ నవ్వు దర్శకుడు కోరుకున్నదే కదండీ. ‘క్వైదాన్’లో ఆయన అడిగింది నిశ్శబ్దం. ఇంట్లో ఫ్రిజ్ మోత, వీధిలో కార్ల మోత. ఆ నిశ్శబ్దం దొరికేది హాల్లోనే. దానికోసమే గంట ప్రయాణం చేసి వెళ్ళాను.

టోక్యో తెలుగు:
ఇక్కడ పాత సినిమాల హాళ్ళని మెయిగాజా అంటారు. నేను తకదనోబబాలో ఉన్న వాసెదా షోచికుకి వెళ్తుంటాను. ఒకే టికెట్ మీద రెండు సినిమాలు. చివర్లో పేర్లు పడుతున్నా లైట్లు వెలిగేదాకా చాలామంది కదలరు. అలాగని వీళ్ళకి గోల చేయడం రాదనుకోకండి. 2022లో మన ‘ఆర్ఆర్ఆర్’ విడుదలయ్యాక ‘ఓయెన్ జోయెయి’ అని వేరే ఆటలు వేశారు. వాటిలో అరవచ్చు, చప్పట్లు కొట్టొచ్చు. ఏ ఆట ఎలాంటిదో ముందే చెప్తారు కాబట్టి ఎవరికి కావలసిన ఆటకి వాళ్ళు వెళ్తారు. మీ థియేటర్ వాళ్ళని కూడా అలా రెండు ఆటలు వేయమని అడగొచ్చుగా అక్కా?

రెండో ఆట:
పర్మిషన్ తీసుకుని నవ్వేదేంటి తమ్ముడూ! రెండో కథలో ఆకాశం నిండా కళ్ళు గీసి ఉంటాయి. మొదటిసారి చూసే కుర్రాళ్ళకి అది వింతగానే ఉంటుంది. వాళ్ళని ఉష్ ఉష్ అంటే మళ్ళీ రారు. మా ఊళ్ళో పాత సినిమాలు మార్నింగ్ షో వేసే హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఖాళీ హాల్లో నిశ్శబ్దం నాకొద్దు.

మల్లెతీగ:
ఆ మాట నాకు తగిలింది. మొదటి పోస్టులో రాయనిది ఒకటుంది. మూడో కథలో గుడ్డి గాయకుడు హోయిచి ఒంటినిండా హృదయ సూత్రం అనే బౌద్ధ పాఠం రాస్తారు, చెవులు మర్చిపోతారు. దెయ్యం వచ్చేసరికి దానికి మనిషి కనపడడు, రెండు చెవులే కనపడతాయి. అప్పుడు ఆ వెనక వరసలోంచే ఒకమ్మాయి ‘అయ్యో, చెవులు’ అని గొంతు పెగలనట్టు అంది. పాప్‌కార్న్ గలగల కూడా ఆగిపోయింది. నా చేతుల మీద రోమాలు లేచాయి. ఇంట్లో చూసినప్పుడు అలా ఎప్పుడూ జరగలేదు.

అయినా మొదటి కథ దగ్గర నా మాట నాదే. రెండు ఆటల సంగతి ఈ వారమే అడుగుతాను. వచ్చే నెల అక్కడే ‘ఒనిబాబా’ అని ఇంకో పాత జపాన్ భయం సినిమా వేస్తున్నారు. ఈసారి ముందు వరసలో తీసుకున్నాను.