అంతరిక్షంలోకి ఎగిరొచ్చిన పెన్‌లైట్ మీద చిలుము: తుడవాలా, వదిలేయాలా?

లాసన్స్‌బే
అపోలో వ్యోమగాములు వాడిన ఏసీఆర్ కంపెనీ ఎఫ్‌ఏ-5 పెన్‌లైట్లు (పెన్ను సైజు టార్చిలైట్లు) ఇత్తడివి. మన విశాఖ ఉప్పుగాలికి మూత దగ్గర ఇట్టే చిలుము పడుతుంది. చిలుము లోహాన్ని తింటుంది కాబట్టి బ్రాసో పాలిష్‌తో తుడిచేయడమే మేలంటాను.

పెదవాల్తేరు_82
దయచేసి బ్రాసో జోలికి పోకండి. అందులో రాపిడి పొడి ఉంటుంది, లైటు మీద చెక్కిన అంకెల అంచులు అరిగిపోతాయి. ఇది అసలుదేనని వ్యోమగామి రాసిచ్చిన ఉత్తరంతో వస్తువును సరిపోల్చేది ఆ అంకెలతోనే కదండీ! పైగా మురికి అనుకున్నదంతా మురికి కాదు. 2017లో న్యూయార్క్ వేలంలో అపోలో 11 శాంపిల్ సంచి (చంద్రుడి రాళ్లు, మట్టి తెచ్చినది) సుమారు 18 లక్షల డాలర్లు పలికింది, అందులో చిక్కుకున్న చంద్రధూళి వల్లే. వెల్‌క్రో అతికించిన వస్తువైతే దాని దగ్గర స్పిరిట్ కూడా వాడొద్దు, జిగురు కరిగి ముక్క ఊడిపోతుంది.

ఎంవీపీ_సెక్టార్6
చిలుమంతా ఒకటి కాదు. గట్టిగా, నునుపుగా అంటుకున్న పచ్చపొరను ముట్టుకోనక్కర్లేదు. లేతపచ్చ పొడి రాలుతుంటే మాత్రం లోపల ఉప్పు పనిచేస్తున్నట్టే. తెల్లకాగితం మీద రెండు వారాలు ఉంచితే తెలిసిపోతుంది. ముందు ఫొటో తీసి, భూతద్దం కింద వెదురుపుల్లతో ఆ పొడి ఒక్కటే తీయండి. నీళ్లు వద్దు. లోపల పాత బ్యాటరీ ఉంటే ముందు అది బయటికి రావాలి.

అసలు మందు పెట్టెలో ఉంది. రబ్బరు అంచున్న 5 లీటర్ల పాలీప్రొపిలీన్ డబ్బా, 100 గ్రాముల నారింజరంగు సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు), తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్. తేమ 40 శాతం దాటనివ్వకండి. గింజలు పచ్చబడితే ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. ప్లైవుడ్ బీరువాలో పెట్టొద్దు, ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. పీవీసీ కవర్లూ అంతే. ఏసీ గదిలోంచి తెచ్చిన డబ్బాను వెంటనే తెరవకండి. చల్లటి ఇత్తడికి మన గాలి తగిలిందంటే క్షణాల్లో చెమ్మ పడుతుంది.

లాసన్స్‌బే
బ్రాసో మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూత తిప్పే మర గాడుల్లో చిలుము వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను. అక్కడ పొడి వదిలేస్తే మూత బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పితే గొట్టం గీసుకుపోతుంది. ఒక చుక్క నూనె వేయొచ్చుగా?

పెదవాల్తేరు_82
వద్దండి. నూనె మర వెంట పాకి వెల్‌క్రో జిగురు దాకా పోతుంది. మరల్లో పొడి కూడా పుల్లతోనే తీయండి. తిరగనంటే అలాగే ఉంచేయండి. ఆ లైటు మళ్లీ వెలగక్కర్లేదు.