గెటిస్‌బర్గ్: ఓటమి లీదా, లాంగ్‌స్ట్రీట్‌దా? అసలు మలుపు ఎక్కడ?

తంగేడు

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా కుటుంబం న్యూజెర్సీ నుంచి కారులో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ వెళ్తోంది. అక్కడ ఒక్క పగలు మాత్రమే ఉండగలం. ప్రజల చేత, ప్రజల కొరకు అన్న లింకన్ మాటలను మనమందరం బడిలో కంఠస్థం చేసినవాళ్లమే కాని, ఆ మాటలకు కారణమైన పోరు, అంటే అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది సేనల మధ్య 1863 జూలై 1, 2, 3 తేదీల్లో సాగిన పోరు గురించి నాకు తెలిసింది కొంచెమే. హైస్కూలు చదువుతున్న మా అబ్బాయి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే అధ్యక్షుడు లింకన్, ఉత్తరాది సేనాని గ్రాంట్, దక్షిణాది సేనాని లీ ముగ్గురిలో ఎవరి జీవితంతో మొదలుపెట్టాలి? యుద్ధాన్ని మలుపు తిప్పింది నిజంగా గెటిస్‌బర్గేనా? మైదానంలో తప్పక చూడవలసిన చోట్లు ఏవి? లీ కింది సేనాని లాంగ్‌స్ట్రీట్ ఆలస్యం చేయడం వల్లే లీ ఓడిపోయాడని ఒకచోట చదివాను, దాని సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

గోదారి గట్టు

గెటిస్‌బర్గ్ పేరెత్తగానే అందరూ మిసిసిపీ నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్‌ను పక్కన పెట్టేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. నది ఎవరి చేతిలో ఉంటే దేశం వారి చేతిలో ఉంటుందని నాకు మరొకరు చెప్పనక్కరలేదు. విక్స్‌బర్గ్ దగ్గర మిసిసిపీ అప్పట్లో గుర్రపునాడాలా వంపు తిరిగేది. ఎత్తయిన గట్టు మీద దక్షిణాది ఫిరంగులు ఉండేవి, వాటి కిందుగా పోకుండా ఏ ఓడకూ దారి లేదు. ఆ వంపును తప్పించడానికి ఎదుటి ఒడ్డున డిసోటో భూనాలుక మీదుగా 1862లో ఒకసారి, 1863 ఆరంభంలో గ్రాంట్ హయాంలో మరోసారి కాలువ తవ్వారు, కాని నది వారి లెక్కకు లొంగలేదు. చిత్రమేమిటంటే 1876లో ఆ నదే తనంత తానుగా ఆ నాలుకను కోసుకొని కొత్త దారి పట్టింది.

కాలువ కుదరకపోయేసరికి గ్రాంట్ తన సేనను పడమటి ఒడ్డు వెంట దక్షిణానికి నడిపించాడు. ఏప్రిల్ 16 రాత్రి అడ్మిరల్ పోర్టర్ ఓడలు ఆ ఫిరంగుల ముందు నుంచే దూసుకొని వచ్చాయి, 30వ తేదీన బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర సేన నది దాటింది. పోర్ట్ గిబ్సన్, రేమండ్, జాక్సన్, ఛాంపియన్ హిల్, బిగ్ బ్లాక్ నది, ఈ అయిదు చోట్లా మే 17 లోపలే గెలిచాడు. మే 19, 22 తేదీల్లో నేరుగా కోటల మీదికి పంపిన దాడులు విఫలమైతే ముట్టడికి దిగి, జూలై 4న దక్షిణాది సేనాని పెంబర్టన్‌ను, అతని వెంట 29,000 మందికి పైగా సైనికులను లొంగదీసుకున్నాడు. 9వ తేదీన అదే నది మీది పోర్ట్ హడ్సన్ కోట కూడా పడిపోవడంతో టెక్సాస్, ఆర్కన్సా రాష్ట్రాలు మిగతా దక్షిణాది నుంచి తెగిపోయాయి. గెటిస్‌బర్గ్‌లో ఓడిన సేన ఇంటికి తిరిగి వెళ్లింది, విక్స్‌బర్గ్‌లో ఓడిన సేన మొత్తంగా పట్టుబడింది. ఈ రెండింటికీ ఉన్న తేడాను మీ అబ్బాయికి మొట్టమొదట చెప్పండి.

సీమ బిడ్డ

గెటిస్‌బర్గ్ గురించి అడిగితే మిసిసిపీ గురించి చెప్పడం న్యాయం కాదు పెద్దాయనా. లాంగ్‌స్ట్రీట్ విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టం. జూలై 2న తెల్లవారేసరికి ఉత్తరాది సేన ఎడమ పార్శ్వం ఇంకా కుదురుకోలేదు. లీ అక్కడ కొట్టమన్నాడు. లాంగ్‌స్ట్రీట్ దాడి మొదలయ్యేసరికి సాయంత్రం నాలుగయింది. సేనాధిపతి ఆలోచన నచ్చకపోతే వాదించవచ్చు, నిర్ణయం అయిపోయాక మనసు పెట్టి చేయాలి. అదే రోజు లాంగ్‌స్ట్రీట్ కింద పనిచేసే హుడ్ తన డివిజన్‌ను కొండ వెనక నుంచి తిప్పి కొడతానని పదేపదే కబురు పంపితే, లీ ఆజ్ఞ అది కాదని తిరగ్గొట్టిన మనిషి కూడా లాంగ్‌స్ట్రీటే. తనకు ఇష్టం లేని ఆజ్ఞను మందంగా అమలు చేస్తూ, మంచి సలహా వచ్చినప్పుడు అదే ఆజ్ఞ వెనక దాక్కున్నాడు.

ఓరుగల్లు

సీమ బిడ్డ గారూ, మీరు రాసినదాంట్లో సగం 1870 తరువాత కొందరు కావాలని అల్లిన కథ. లీ 1870లో చనిపోయేదాకా లాంగ్‌స్ట్రీట్ మీద ఇలాంటి నింద బహిరంగంగా ఎవరూ వేయలేదు. లీ కన్నుమూశాక ఆయన కింద పనిచేసిన సేనానులు జూబల్ ఎర్లీ, పెండిల్‌టన్ బయలుదేరి, జూలై 2న సూర్యోదయానికే దాడి చేయమని లీ ఆజ్ఞాపించాడని ప్రచారం చేశారు. లాంగ్‌స్ట్రీట్ లీ దగ్గర పనిచేసిన సిబ్బంది అధికారులకే ఉత్తరాలు రాసి అడిగితే, అలాంటి ఆజ్ఞ ఏదీ తమకు తెలియదని వారు జవాబిచ్చారు. ఎర్లీ ఎవరో కూడా గమనించండి. జూలై 1 సాయంత్రం ఊరి పక్కనున్న సెమెటరీ హిల్ అనే కొండను వీలైతే పట్టుకోమని లీ చెప్పినప్పుడు, పట్టుకోలేకపోయిన యూవెల్ కింద డివిజన్ నడిపినవాడు ఆయనే. తన వైపు వేలు రాకముందే ఎదుటివాడి వైపు చూపించాడు.

నాలుగింటిదాకా ఆలస్యం కావడానికి కారణం కూడా ఉంది. లిటిల్ రౌండ్ టాప్ అనే కొండ మీద ఉన్న శత్రు సంకేతదళానికి కనపడకుండా ఉండేందుకు అంత పెద్ద సేన నడుస్తున్న దారి నుంచి వెనుదిరిగి చుట్టూ రావలసి వచ్చింది. జూలై 3న ఎదుటి గట్టు మీదికి బహిరంగ పొలం గుండా సాగిన పికెట్ దాడిని ఆపమని లీని బతిమాలింది కూడా లాంగ్‌స్ట్రీటే. ఆ మాట విని ఉంటే వేలమంది బతికేవారు.

సీమ బిడ్డ

బతిమాలాడని మనకు చెబుతున్నది ఎవరు? ముసలితనంలో తన పేరు కాపాడుకోవడానికి లాంగ్‌స్ట్రీట్ స్వయంగా రాసుకున్న రాతలు. ఎర్లీ రాసుకున్నది కల్పన అయితే లాంగ్‌స్ట్రీట్ రాసుకున్నది వేదవాక్యం ఎలా అవుతుంది? ఒక కొలమానాన్ని ఇద్దరికీ వర్తింపజేయండి. కథలు అల్లుతున్నానని నన్ను అనే ముందు నేను పేర్కొన్న హుడ్ విషయానికి జవాబు చెప్పండి.

చరిత్ర పంతులు

ఇద్దరూ కొంచెం శాంతించండి. పోటీపరీక్షల అభ్యర్థులకు ప్రపంచ చరిత్ర బోధించడమే నా వృత్తి కనుక సాధికారంగా చెబుతున్నాను. యుద్ధం మలుపు తిరిగింది గెటిస్‌బర్గ్‌లోనూ కాదు, విక్స్‌బర్గ్‌లోనూ కాదు, 1862 సెప్టెంబర్ 17న మేరీల్యాండ్‌లోని యాంటీటమ్‌లో. ఆ ఒక్కరోజులో ఇరుపక్షాలా చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతయినవారు కలిపి దాదాపు 23,000 మంది. అంతకుముందే లీ సేనల కదలికల పత్రం ఒకటి చుట్టల చుట్టూ చుట్టి ఉండగా ఉత్తరాది సైనికులకు పొలంలో దొరికింది. అయినా ఉత్తరాది సేనాధిపతి మెక్లెలన్ ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోలేకపోయాడు. ఆ పోరు జరిగిన అయిదు రోజులకు, అంటే సెప్టెంబర్ 22న, లింకన్ బానిస విముక్తి తొలి ప్రకటన వెలువరించాడు. 1863 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చాక, బ్రిటన్ బహిరంగంగా దక్షిణాది పక్షం వహించడం అసాధ్యమైపోయింది. యుద్ధం దేనికోసమో మారిపోయిన రోజునే మలుపు అనాలి, ఎవరు ఏ కొండ ఎక్కారన్నది తరువాతి సంగతి.

నీలాంబరి

బానిస విముక్తి మాట వచ్చేసరికి ఇన్ని పోస్టులు పట్టింది. అందులోనూ విముక్తి పొందిన మనుషుల పేరు ఒక్కటి కూడా లేదు. ఈ సైట్‌లో ప్రతిసారీ ఇదే జరుగుతోంది, నాకు నిజంగా కోపం వస్తోంది. ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. 1863 జూలై 18న దక్షిణాది కోట ఫోర్ట్ వాగ్నర్ మీదికి వెళ్లిన, నల్లజాతి సైనికులతో కూడిన 54వ మసాచుసెట్స్ రెజిమెంటులో జెండా మోసే సైనికుడు పడిపోతుంటే, విలియం కార్నీ దాన్ని అందుకొని, తూటాలు తగిలినా నేలకు తాకనీయకుండా వెనక్కి తెచ్చాడు. ఆయనకు పతకం చేతికి వచ్చింది 1900లో.

తంగేడు గారూ, మీ అబ్బాయికి ఒక జీవితం చెప్పాలంటే రాబర్ట్ స్మాల్స్ జీవితం చెప్పండి. పుట్టుకతో బానిస. 1862 మే 13 తెల్లవారుజామున చార్ల్‌స్టన్ రేవులో తెల్ల అధికారులు ఒడ్డుకు వెళ్లిన సమయంలో, కెప్టెన్ పెట్టుకునే గడ్డిటోపీ తాను పెట్టుకొని, ప్లాంటర్ అనే ఓడను నడుపుతూ, కోటలు దాటేటప్పుడు ఇవ్వవలసిన సంకేతాలన్నీ సరిగ్గా ఇస్తూ, భార్యాబిడ్డలతో సహా ఉత్తరాది నౌకాదళానికి చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 23. తరువాత అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు, తనను బానిసగా ఉంచుకున్న ఇంటినే కొనుక్కున్నాడు. లీ గుర్రం పేరు తెలిసినవారికి ఈ పేరు తెలియకపోవడం బాధాకరం.

ఇంకొక్క మాట. లీ సేన పెన్సిల్వేనియాలోకి వచ్చినప్పుడు స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతివారిని పట్టుకొని దక్షిణానికి తరలించింది. లీ మర్యాదస్థుడని రాసేవారు ఈ సంగతి కూడా రాయాలి.

కోరంగి

నీలాంబరి గారు చెప్పినది ముమ్మాటికీ నిజం. నాకు ఈ యుద్ధం మీద ఆసక్తి కలిగింది మా ఊరి చరిత్ర నుంచి. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది, వారి చూపు మన దేశం మీద పడింది. కాకినాడ రేవు పెరగడంలో ఆ ఏళ్ల పత్తి ఎగుమతులకు పెద్ద పాత్ర ఉంది. ఆ రేవు పేరే ఒక రకం పత్తికి వ్యాపారనామమైంది. 1865లో యుద్ధం ముగిసి ధరలు కూలిపోయాక బొంబాయి వాటాల బజారు మొత్తం దివాలా తీసింది. ధర నిలుస్తుందని నమ్మి పత్తి వేసిన రైతులు ఏమైపోయారో కూడా ఈ యుద్ధ చరిత్రలో భాగమేనని నా ఉద్దేశం.

ఓరుగల్లు

హుడ్ విషయానికి జవాబు అడిగారు కనుక చెబుతున్నాను. లాంగ్‌స్ట్రీట్ అంతకుముందే ఆ చుట్టుదారి దాడిని లీకి సూచించి కాదనిపించుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి, దాడి మొదలవబోతుండగా, సేనాధిపతి తిరస్కరించిన పథకాన్నే సొంతంగా అమలు చేస్తే అప్పుడు అవిధేయత అని మీరే అనేవారు. చేసినా తప్పే, చేయకపోయినా తప్పే అయితే అది విచారణ కాదు.

ఎందుకు ఆయన మీదే అంత పగ పట్టారో చూడండి. యుద్ధం తరువాత ఆయన లింకన్ పార్టీలో చేరాడు, గ్రాంట్‌ను సమర్థించాడు. 1874 సెప్టెంబర్ 14న న్యూ ఆర్లీన్స్ వీధుల్లో తెల్లవారి ఆధిపత్య ముఠా ప్రభుత్వాన్ని కూల్చడానికి వస్తే, నల్లజాతి సైనికులున్న దళాలకు నాయకత్వం వహించి ఎదురు నిలిచి గాయపడ్డాడు. తన పాత సైనికులే కొందరు అవతలి వైపు ఉన్నారు. ఆ పని చేయకుండా ఉండి ఉంటే గెటిస్‌బర్గ్ ఆలస్యం ఎవరికీ గుర్తుండేది కాదు.

సీమ బిడ్డ

1874లో ఆయన చేసినది గొప్ప పని, దానికి నేను కూడా నమస్కరిస్తాను. కాని 1874లో ధైర్యం చూపినవాడు 1863లో మందకొడిగా లేడని అది రుజువు చేయదు. ఈ రెండింటినీ కలిపేయకండి.

తంగేడు

మీ చర్చ వల్ల చాలా తెలుసుకుంటున్నాను, కాని మైదానంలో ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు. లిటిల్ రౌండ్ టాప్ మూసేశారని విన్నాను, నిజమేనా?

చిత్రకూటం

2022లో మరమ్మతుల కోసం మూసి, 2024 వేసవిలో తిరిగి తెరిచారమ్మా, నిశ్చింతగా వెళ్లండి. సందర్శకుల కేంద్రంలో లైసెన్సు ఉన్న గైడును ముందే మాట్లాడుకుంటే, వారే మీ కారు నడుపుతూ మైదానం అంతా తిప్పి చెబుతారు. ఈ పద్ధతి అక్కడ 1915 నుంచి ఉంది. లిటిల్ రౌండ్ టాప్ మీద అందరూ చాంబర్లిన్ నడిపిన 20వ మెయిన్ రెజిమెంటు దగ్గరే ఆగిపోతారు. ఆ కొండ ఖాళీగా ఉందని గమనించిన ఉత్తరాది ఇంజనీరు వారెన్, పై ఆజ్ఞ కోసం చూడకుండా బ్రిగేడ్‌ను తెచ్చి అక్కడే ప్రాణాలమీదికి తెచ్చుకున్న స్ట్రాంగ్ విన్సెంట్, వీరి గురించి కూడా మీ అబ్బాయికి చెప్పండి. కల్ప్స్ హిల్‌ను మాత్రం విడిచిపెట్టకండి. అక్కడ అరవై దాటిన ఉత్తరాది సేనాని జార్జ్ గ్రీన్ దుంగలు, రాళ్లతో అడ్డుగోడలు కట్టించి, ఒక్క బ్రిగేడ్‌తో చీకట్లో కొండను నిలబెట్టాడు.

పికెట్ దాడి సాగిన పొలాన్ని కారులోంచి చూడవద్దు, వర్జీనియా స్మారకం దగ్గర దిగి నడవండి. దూరం నుంచి చదునుగా కనిపించే నేల నిజానికి పల్లాలూ మిట్టలుగా ఉంటుంది. కొన్ని చోట్ల ఎదుటి గట్టు పూర్తిగా కనుమరుగవుతుంది, మళ్లీ పైకి రాగానే అంతా బట్టబయలవుతుంది. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు పక్క కంచె దగ్గరికి వచ్చాక, సుమారు 12,500 మంది తుపాకులతో ఆ కర్రలు ఎక్కి దిగవలసి వచ్చిందని ఊహిస్తే, దాదాపు సగం మంది ఎందుకు నేలకొరిగారో, గాయపడ్డారో, పట్టుబడ్డారో వివరించవలసిన పని ఉండదు. గట్టు ఎక్కాక రాతిగోడకు కొంచెం ఉత్తరంగా ఒక చిన్న తెల్లని ఇల్లు ఉంది. అది అబ్రహాం బ్రయన్ అనే స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి రైతుది. దక్షిణాది సేన వస్తోందని తెలిసి కుటుంబంతో పారిపోయాడు. తిరిగి వచ్చేసరికి పంట, కంచెలు, ఇల్లు ధ్వంసమై ఉన్నాయి. అడిగిన పరిహారంలో చేతికి వచ్చింది చాలా స్వల్పం.

నీలాంబరి

బ్రయన్ ఇంటి గురించి చెప్పినందుకు కృతజ్ఞతలు. యాత్రికులు ఆ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్తూ అది ఎవరిదని కూడా అడగరు. సైనికుల శవాలను తాత్కాలిక గోతుల నుంచి తీసి జాతీయ శ్మశానానికి చేర్చిన పనిని దగ్గరుండి నడిపిన బేసిల్ బిగ్స్ కూడా ఆ ఊరి నల్లజాతి రైతే. లింకన్ నవంబర్ 19న నిలబడి మాట్లాడేనాటికి ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.

సీమ బిడ్డ

లాంగ్‌స్ట్రీట్‌ను వదిలేద్దాం. గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాది సేనను నడిపిన మీడ్‌ను ఎందుకు ఎవరూ ప్రశ్నించరు? ఓడిన లీ పొటోమాక్ నది ఒడ్డున రోజుల తరబడి చిక్కుకుపోయి ఉంటే చూస్తూ వదిలేశాడు. బంగారం లాంటి అవకాశం చేజారిపోయిందని లింకనే ఉత్తరం రాసుకున్నాడు.

గోదారి గట్టు

రాశాడు, కాని పంపలేదు, సంతకం కూడా పెట్టలేదు. ఎందుకు పంపలేదో నది సంగతి తెలిస్తే అర్థమవుతుంది. ఫాలింగ్ వాటర్స్ దగ్గర లీ వేసుకున్న పడవల వంతెనను ఉత్తరాది అశ్వికదళం జూలై 4న ధ్వంసం చేసింది. ఆపై వానలకు పొటోమాక్ పొంగింది. లీ చిక్కుకున్న మాట నిజమే, కాని చిక్కుకున్నచోట చేతులు కట్టుకొని కూర్చోలేదు. ఎత్తయిన నేల చూసుకొని మైళ్ల పొడవున మట్టికట్టలు పోయించాడు, గిడ్డంగులు పడగొట్టి ఆ కలపతో కొత్త వంతెన కట్టించాడు. మీడ్ సేనాధిపత్యం తీసుకున్నదే జూన్ 28న, యుద్ధానికి మూడు రోజుల ముందు. అతని కోర్ కమాండర్లలో రేనాల్డ్స్ చనిపోయాడు, హాన్‌కాక్, సికిల్స్ తీవ్రంగా గాయపడ్డారు. 12వ తేదీ రాత్రి సమావేశంలో మిగిలినవారిలో ఎక్కువమంది దాడి వద్దన్నారు. 13 రాత్రి లీ దాటేశాడు, కొంత సేన విలియమ్స్‌పోర్ట్ దగ్గర గొంతు లోతు నీటిలో నడిచి వెళ్లింది. ఆ మట్టికట్టల మీదికి మీడ్ దాడి చేసి ఉంటే, మే 22న విక్స్‌బర్గ్ కోటల ముందు గ్రాంట్‌కు జరిగినదే జరిగేదని నా నమ్మకం. మీరు కాదంటే, ఆ కట్టలు ఏ చోట బలహీనంగా ఉన్నాయో చూపించి వాదించండి.