రెండేండ్లు వరుసగా రెండో ప్లేస్, మూడో ఏడు అట్టడుగు: హైదరాబాద్ ఎఫ్‌సీని ముంచింది ఎవరు?

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
సీదా అడుగుత. 2021-22ల ఐఎస్ఎల్‌ల, అంటే మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌ల, రెండో ప్లేస్, ఆ మీద ప్లేఆఫ్ ఫైనల్‌ల కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల మీద కొట్టి కప్పు తెచ్చినం. 2022-23ల మల్ల రెండో ప్లేస్, 42 పాయింట్లు. ఆ తర్వాత సీజన్‌ల 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అందరికన్న కింద. ఆ మీద కొత్త ఓనర్లు వచ్చిన్రు, 13 టీమ్‌లల్ల 12వ ప్లేస్. ఆఖరికి 2025ల టీమ్‌నే లేపి ఢిల్లీకి పట్టుకపోయిన్రు, పేరు గూడ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మార్చేసిన్రు.

నాకు తెలిసి ఇది ప్లేయర్ల తప్పు కాదు, కోచ్‌ల తప్పు అస్సలు కాదు. జీతాలియ్యలే, అంతే. ఫిఫా రూల్ ఏందంటే రెండు నెలల జీతం బాకీ పడితే ప్లేయర్ నోటీస్ ఇస్తడు, 15 రోజులల్ల కట్టకపోతే కాంట్రాక్ట్ తెంపుకొని ఫ్రీగ పోవచ్చు, క్లబ్‌కి ఒక్క రూపాయి రాదు. 2024 జనవరిల మనకు అయ్యింది చూడుర్రి, చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకి, యాసిర్ గోవాకి, మొత్తం బండి ఖాళీ అయ్యింది. ఇంకో పక్క బాకీలకే ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడె, అంటే పోయినోళ్ల జాగాల కొత్తోళ్లని రిజిస్టర్ చేసుకునుడు గూడ బంద్. కోచ్ సింగ్టో ఎవర్ని ఆడిపియ్యాలె? రిజర్వ్ పోరల్ని దింపిండు, వాళ్లు ఏడ్చుకుంట ఆడిన్రు. గీ పని చేసినోళ్లని ఎవడన్న అడిగిండా?

చాయ్_హాఫ్‌టైమ్:
కరెక్ట్ అన్నా. మొత్తం మేనేజ్‌మెంట్ పాపమే.

అమ్ముగూడ_బ్యాక్:
తమ్మీ, జీతాల సంగతి నేను కాదంటలేను. కని జీతాలు టైమ్‌కి ఇచ్చిన రోజులల్ల మాత్రం టీమ్ కట్టిన్రా అని నేను అడుగుత. కప్పు గెల్చిన సీజన్‌ల ఒగ్బెచే 18 గోల్స్ కొట్టిండు, లీగ్‌ల అందరికన్న ఎక్కువ, గోల్డెన్ బూట్ ఆయనకే. మనిషి గొప్పోడే, ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీల ఆడొచ్చినోడు. కని ఫైనల్ నాటికి ఆయనకు 37 ఏండ్లు. 37 ఏండ్ల స్ట్రైకర్ మీద టీమ్ నిలబెడితే ఆయన పోయిన్నాడు ఏమైతదో తెల్వదా? ఆయన వెనుక ఇంకొకడ్ని తయారు చేసిన్రా? లేదు. 2023ల ఆయన పోయిండు, సివెరియో పోయిండు, బోర్హా పోయిండు, కోచ్ మార్కెజ్ సారే గోవాకు పోయిండు. జీతాల లొల్లి పేపర్లకెక్కకముందే సగం టీమ్ ఖాళీ.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
కాకా, ఒగ్బెచే వయసు గురించి ఇప్పుడెందుకు? 37 ఏండ్లకు 18 కొట్టిండంటే అది తీసుకున్నోని తెలివి. ఆయనొక్కడే గాదు గదా. లిస్టన్ కొలాసో, ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా, రోహిత్ దాను, అందరు చిన్న పోరలు, మార్కెజ్ ధైర్యం చేసి మ్యాచ్ మీద మ్యాచ్ ఆడిపిచ్చిండు. ఆకాశ్ మిశ్రా ఇక్కడ ఆడే ఇండియా టీమ్‌కి పోయిండు. దీన్ని టీమ్ కట్టుడు అనకపోతే ఇంకేమంటరు?

అమ్ముగూడ_బ్యాక్:
నేను దాన్ని అమ్ముడు అంట. లిస్టన్ 2021ల కోల్‌కతాకి, ఆశిష్ 2022ల కోల్‌కతాకి, ఆకాశ్ 2023ల ముంబైకి. ఏడాదికొక్కడు.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
అమ్మితే తప్పేంది? ప్రపంచంల ప్రతి క్లబ్ అమ్ముతది. అమ్మినందుకు పైసలొచ్చినయి. ఫ్రీగ పోయినందుకు ఏమొచ్చింది? నా పాయింటే అది, మీరు దాని మీదికి వస్తలేరు.

కూకట్‌పల్లి_కీపర్:
మీరిద్దరూ ఒక్క విషయం వదిలేస్తున్నారండి. జనం ఏరి? ఐఎస్ఎల్‌లో ఓనర్లకి నష్టాలే ఎక్కువ, టికెట్ల మీద నాలుగు డబ్బులైనా రాకపోతే ఎవడు మాత్రం ఎన్నాళ్లు పోస్తాడు? వీక్‌డే రాత్రి ఏడున్నరకి మ్యాచ్ పెడితే కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి చేరేసరికి ఫస్ట్ హాఫ్ అయిపోతుంది, మెట్రో చూస్తే రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది, అక్కడ నుంచి ఆటో వాడు నోటికొచ్చింది అడుగుతాడు. లోపలికెళ్తే గ్రౌండ్ చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్, బాల్ ఎక్కడో దూరంగా కనపడుతుంది, గోల్ ఎవరు కొట్టారో పక్కవాడి ఫోన్‌లో చూసుకోవాలి. ముందు సరైన గ్రౌండ్ ఉండాలి, తర్వాతే టీమ్.

బాలానగర్_8:
అదే గచ్చిబౌలిలో ఇండియా మలేసియా మ్యాచ్‌కి వచ్చాం కదా బ్రో. వచ్చేవాళ్లు వస్తారు.

మొయినాబాద్_రోడ్:
ఊళ్లో ఇంకో టీమ్ ఉందని ఇక్కడ ఒక్కళ్లకీ గుర్తు రాలేదు. శ్రీనిధి డెక్కన్ 2022-23లో ఐఎస్ఎల్ కింది లీగ్ అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. మొయినాబాద్ వైపు డెక్కన్ అరీనాలో సొంత గ్రౌండ్, ట్రాక్ లేదు, టచ్‌లైన్ పక్కనే కూర్చోవచ్చు, కోచ్ అరిచేది వినపడుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఓడిపోతుంటే ఆన్‌లైన్‌లో ఏడ్చినవాళ్లలో పదోవంతు అక్కడికి వచ్చుంటే బాగుండేది.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
భాయ్, అది వేరే ముచ్చట. ఇక్కడ అడుగుతున్నది జీతాల గురించి. నేనొక కంపెనీల పనిచేసిన, పేరెందుకుగని, మూడు నెలలు జీతం ఆపిన్రు, "వచ్చే వారం, వచ్చే వారం" అనుకుంటనే నెట్టిన్రు. ఇంట్ల ఈఎంఐ కట్టాలె, మా నాయినకు మందులు కొనాలె, పొద్దున లేస్తే ఆఫీస్‌కి పోబుద్ది కాదు. పని తెల్వక గాదు, మనసు చచ్చిపోతది. అసొంటి మనిషిని గ్రౌండ్‌ల దింపి 90 నిమిషాలు ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతడు? ఆ సీజన్ మ్యాచ్‌లు చూస్తుంటే 60 నిమిషాలు దాటంగనే మనోళ్ల కాళ్లు కదలకుండ అయితుండె. దాన్ని చూసి కొందరు "ఫిట్‌నెస్ లేదు, కోచ్ వేస్ట్" అని రాసిన్రు. నాకు మస్తు కోపమొచ్చింది.

అమ్ముగూడ_బ్యాక్:
నీ బాధ నిజమే తమ్మీ. నాది గూడ ఒకటి విను.

మా తమ్ముని కొడుకు లెఫ్ట్ ఫుట్, మా గల్లీల వాడంత స్పీడ్ ఎవ్వనికి లేదు. ఒక క్లబ్ అకాడమీల ట్రయల్స్ అని తీస్కపోయిన, ఏ క్లబ్బో చెప్ప. పొద్దున ఆరింటికే పోయినం, వందలమంది పోరలు, ఒక్కొక్కనికి ఒక బిబ్ ఇచ్చి పది నిమిషాలు ఆడిపిచ్చిన్రు. మావోడు రెండుసార్లు బాల్ తాకిండు, విజిల్ పడ్డది. ఒక కాగితం మీద పేరు, ఫోన్ నంబర్ రాసుకొని "చెప్తం" అన్నరు. అంతే. ఆ పోరడు ఫోన్ పక్కల పెట్టుకొని పండుకునేటోడు. ఇప్పుడు షూస్ తొడగడు.

ఇగ కప్పు గెల్చిన టీమ్‌నే చూడు. గోల్‌కీపర్ కట్టిమణి గోవా, చింగ్లెన్‌సానా మణిపూర్, ఆశిష్ సిక్కిం, ఆకాశ్ యూపీ, సౌవిక్ బెంగాల్. అందరు మంచోళ్లే. మరి మనూరోడు ఏడి? కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌తోని 1950 నుంచి వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు, అప్పటి బొంబాయి పెద్ద టోర్నీ, కొట్టిన ఊరు ఇది. బలరాం మా అమ్ముగూడల పుట్టి జకార్తాల 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ టీమ్‌ల ఆడిండు. ఆ ఊర్ల టీమ్ పెట్టి ఫైనల్ పదకొండు మందిల ఒక్క లోకల్ పోరడు లేకపోతే అది టీమ్ కట్టుడు అంటరా?

చాయ్_హాఫ్‌టైమ్:
కాకా బలరాం సార్ పేరు ఎత్తగానే మనసు నిండింది 🙏

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
ఇప్పుడు సమజైంది. మీ ఇంటి పిల్లగానికి ఛాన్స్ రాలేదని కప్పు తెచ్చిన టీమ్‌కే పేర్లు పెడుతున్నరు. ఇంతసేపు ఒగ్బెచే వయసు, అమ్మకాలు అన్నీ దానికే. 1950ల ముచ్చట్లు చెప్తే 2024ల జీతాలు వస్తయా?

అమ్ముగూడ_బ్యాక్:
నోరు జారకు. పిల్లగాని ముచ్చట నేను నమ్మి చెప్పిన, నువ్వు దాన్ని బజార్ల పెట్టినవ్. ఆ పోరని లెక్క ఈ ఊర్ల ఎంతమంది ఉన్నరో నీకు తెల్వది, నువ్వు టీవీల మ్యాచ్ చూసి ఫ్యాన్ అయినోడివి.

అడ్మిన్:
ఇద్దరూ ఆగండి. ఇంట్లోవాళ్ల ప్రస్తావన ఇక వద్దు. మళ్లీ వస్తే త్రెడ్ లాక్ చేస్తాను.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
టీవీ ఫ్యాన్ అన్నరు గదా, చెప్తా వినుర్రి. ఆ ఫైనల్‌కి నేను గోవాల ఫతోర్డా స్టేడియంల ఉన్న. బస్‌ల రాత్రంత కూసొని పోయిన. స్టేడియం మొత్తం పసుపు, కేరళోళ్లే, మనం ఒక మూలకు గుప్పెడు మంది. రాహుల్ కేపీ గోల్ కొట్టంగనే మా చెవులు మూసుకపోయినయి. 88వ నిమిషం దాక అంతే. అప్పుడు బాక్స్ బయట బాల్ గాలిల లేచింది, సాహిల్ తవోరా కింద పడనియ్యలే, అట్లనే తన్నిండు. ఒక్క సెకన్ మొత్తం స్టేడియం సప్పుడు బంద్, మా మూల నుంచి మాత్రమే అరుపు. తర్వాత కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిండు. నా పక్కన ఉన్న తెల్వని మనిషి నన్ను పట్టుకొని ఏడ్చిండు. తవోరా గోవా పోరడు అయితే ఏంది? వాని చాతి మీద హైదరాబాద్ అని ఉంది. ఆ టీమ్ నాది. అది నాది కాదని ఎవరు చెప్పినా నేను ఊకోను. మీకు నచ్చనిది మేనేజ్‌మెంట్ కాదు కాకా, మీకు ఆ టీమే నచ్చలే.

అమ్ముగూడ_బ్యాక్:
అవును, నచ్చలే. సాఫ్‌గ చెప్పినవ్, నేను గూడ సాఫ్‌గ చెప్తా.

2019ల పుణె టీమ్ మూత పడితే ఆ ఫ్రాంచైజీ జాగాల ఇది పుట్టింది. 2025ల ఢిల్లీకి పోయింది. కొన్నోడు తెచ్చిండు, ఇంకోడు తీస్కపోయిండు. నువ్వు చెప్తున్న కప్పు సీజన్‌ల కరోనా అని అన్ని మ్యాచ్‌లు గోవాలనే, మనూర్ల ఒక్కటి ఆడలే. అది ఎవరి తప్పు కాదు, నాకు తెలుసు. కని ఈడ దానికి ఏం పాతుకున్నది? ఒక గల్లీ లీగ్‌తోని సంబంధమా, ఒక బడితోని ఒప్పందమా, సికింద్రాబాద్‌ల ఒక గ్రౌండా? లారీల సామాను ఎక్కిస్తే మొత్తం క్లబ్ వెళ్లిపోయింది. ఓనర్ జీతాలు కట్టినా ఇదే అయితుండె. 2024-25ల కొత్త ఓనర్లు వచ్చినంక గూడ ఆఖరికి అదే అయ్యింది గదా?

కూకట్‌పల్లి_కీపర్:
ఇది మాత్రం పాయింటేనండి. కొత్తవాళ్లు వచ్చాక కూడా 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లే. మొహమ్మదన్ స్పోర్టింగ్ టీమ్‌ని కోల్‌కతాలో 4-0తో కొట్టిన రోజు ఇక గాడిన పడ్డట్టే అనుకున్నాను, డిసెంబర్ వచ్చేసరికి సింగ్టో గారిని పంపించేశారు. గ్రౌండ్ సంగతి మాత్రం ఎవరూ మాట్లాడట్లేదు.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
పాతుకునుడు కావాలె అంటే నేను వద్దన్ననా? కని దానికి గూడ పైసలే కావాలె, టైమ్‌కి ఇచ్చే ఓనర్ కావాలె. కోచ్‌కి జీతమియ్యనోడు అండర్-15 నడుపుతడా? ఏ టీమ్ వచ్చినా ఫస్ట్ రోజే ఏడాది జీతాలు బ్యాంక్‌ల గ్యారంటీ పెట్టాలె, పెట్టకపోతే లైసెన్స్ ఇయ్యొద్దు. నా డిమాండ్ ఇదే.

అమ్ముగూడ_బ్యాక్:
నాది ఉల్టా. ముందు ఈడి పోరలు ఆడే లీగ్ ఏడాది పొడుగుత నడవాలె. ఆ లీగ్‌ల నుంచి కనీసం నలుగురు రిజిస్టర్ కాకుంటే టీమ్ పేరుల హైదరాబాద్ అని పెట్టనియ్యొద్దు.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
ఆ నలుగురు తయారయ్యెదాక పదేండ్లు పడ్తది కాకా. అప్పటిదాక నేను ఎవరి మ్యాచ్ చూడాలె?

మొయినాబాద్_రోడ్:
డెక్కన్ అరీనాకి రా అన్నా, మ్యాచ్ ఉన్నప్పుడు నేనే బండి మీద తీసుకెళ్తా.

గచ్చిబౌలి_నార్త్‌స్టాండ్:
థ్యాంక్స్ భాయ్, కని ఇప్పట్ల రాను. ఇంకో టీమ్‌కి అరిచేటంత ఓపిక నాకింకా రాలే.

అమ్ముగూడ_బ్యాక్:
బండి ఖాళీ ఉంటే నన్ను తీస్కపో తమ్మీ. ఇద్దరికి జాగ ఉంటే ఇంకా మంచిది, మా పిల్లగాన్ని అడిగి చూస్త.