ఎండెవర్ నమూనా: ముక్కు దగ్గర విరుగుతున్న పలకలు

ప్రశ్న: 1764లో ఇంగ్లండ్‌లోని విట్బీలో తయారై, తరువాత ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ ప్రయాణించిన ఎండెవర్ ఓడకు కర్ర నమూనా కడుతున్నాను. ఓడకు ఆకారమిచ్చే అడ్డచట్రాల మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల పలకలు అతికిస్తుంటే, నడుము (ఓడ మధ్యభాగం) దగ్గర చక్కగా కూర్చున్నవే ముక్కు (ముందు కొస) వంపులో ఫట్టున విరుగుతున్నాయి. గంటసేపు నానబెట్టినా ఫలితం లేదు.

మొదటి జవాబు: అది బొగ్గు మోయడానికి కట్టిన ఓడ కనుక ముక్కు మొద్దుగా ఉంటుందండీ, అక్కడ ఎవరికైనా ఇబ్బందే. కర్రను లొంగదీసేది నీటికన్నా వేడి. తడిపిన పలకను వేడి ఇస్త్రీపెట్టె అంచుకు ఆనించి నెమ్మదిగా వంచి, చట్రానికి క్లిప్పులతో బిగించి రాత్రంతా ఆరనివ్వండి. జిగురు ఆ తరువాతే పూయాలి, ఎందుకంటే తడి పలక ఆరుతూ కుంచించుకుపోయి సందులు వదులుతుంది.

రెండో జవాబు: పై సలహా సరైనదే, కానీ వెడల్పు సంగతి కూడా చూడండి. నడుము కన్నా ముక్కు దగ్గర చుట్టుకొలత తక్కువ కాబట్టి, రెండుచోట్లా కాగితపు పట్టీతో కొలిచి, పలకల సంఖ్యతో భాగించి, ఆ మేరకు కొసను సన్నగా చెక్కాలి. సగానికి మించి తగ్గించవలసివస్తే ఒక వరుసను ముందే ఆపేయడం మేలు. ముక్కులో చట్రాల మధ్య ఖాళీని నేను కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి అనే మెత్తని కర్ర ముక్కలతో నింపుతాను. చాకుకు వెన్నలా తెగుతుంది, పలక ఆనుకోవడానికి చోటూ దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: నిన్న ఇస్త్రీపెట్టెతో వంచిన రెండు పలకలూ నిలిచాయండీ. మూడోది కాస్త మాడింది.